ఉప్పు చూసే నోరు

దల్లే ఫోను గొంతు పెద్దది. అమ్మకు చెవులు సరిగా వినిపించడం లేదని కొడుకు సియోల్ నుంచి కొని తెచ్చి, ఎవరు పిలిచినా గది మొత్తానికి వినబడేలా బిగించి పోయాడు. దాన్ని తగ్గించడం ఆవిడకు రాదు, నేర్చుకోవాలన్న కోరికా లేదు. "నా దగ్గర దాచుకునే మాటలేం ఉన్నాయి?" అనేది. సోల్మే ఊరి ఆడవాళ్ళకి కూడా అది అలవాటైపోయింది. దల్లే కోడలికి జలుబు చేసిన సంగతీ, మనవరాలు లెక్కల పరీక్ష పాడుచేసిన సంగతీ దల్లేకి తెలిసిన క్షణంలోనే అందరికీ తెలిసేవి.

కాబట్టి ఆ సోమవారం మధ్యాహ్నం ఊరి హాలులో, కింద నుంచి వేడెక్కించిన వెచ్చటి నేల మీద అందరూ భోజనాలకు కూచున్న వేళ టౌను ఆస్పత్రి నుంచి వచ్చిన ఫోను కూడా ఊరందరికీ వచ్చినట్టే అయింది.

"పార్క్ దల్లే గారేనా అండీ? మొన్న మా బస్సు వచ్చినప్పుడు పరీక్షకి రక్తం ఇచ్చారు కదా. చక్కెర బావుంది, కొవ్వు బావుంది. కడుపులో క్రిమికి చేసిన యాంటీబాడీ పరీక్ష మాత్రం పాజిటివ్ అండీ."

"ఏం క్రిమి తల్లీ?" అంది దల్లే నోట్లో అన్నంతోనే.

"హెలికోబాక్టర్ అండీ. కడుపులో పుండ్లు చేస్తుంది. ముదిరితే క్యాన్సర్ దాకా కూడా పోవచ్చు. ఒకసారి వచ్చి డాక్టరుగారికి చూపించుకోండి. ఆ, ఇంకోటి. అందరూ ఒకే గిన్నెలో చెంచాలు పెట్టి తినే అలవాటుంటే కాస్త జాగ్రత్తండీ."

గది మధ్యలో పొయ్యి మీంచి దించిన సోయా పులుసు ఇంకా కుతకుతమంటోంది. దాని చుట్టూ ఉన్న చెంచాల్లో కొన్ని పులుసులో ఉన్నాయి, కొన్ని నోటి దగ్గర ఉన్నాయి. పులుసులో ఉన్నవి అక్కడే ఆగిపోయాయి. నోటి దగ్గరున్నవి మెల్లిగా కిందికి దిగాయి. దల్లే ఒక్కతే తన చెంచాతో అడుగునున్న బంగాళాదుంప ముక్కను వెతికి పట్టుకుని, నోట్లో వేసుకుని, అప్పుడు తలెత్తి చూసింది.

"ఏంటే అందరూ అలా కూచున్నారు? చల్లారిపోతుంది, తినండి."

ఎవరూ తినలేదు. పక్కనే కూచున్న గాప్సున్, పెళ్ళిళ్ళయి ఇద్దరూ ఈ ఊరికి కాపురానికొచ్చిన నాటి నుంచీ దల్లేతో ఒక కంచంలో తిన్న మనిషి, తన చెంచాను చీర కొంగు లేని దేశం కాబట్టి చొక్కా అంచుతో తుడుచుకుని అన్నం గిన్నె మీద అడ్డంగా పెట్టింది.

ఆ రోజూ మర్నాడూ, రక్తం ఇచ్చిన మిగతావాళ్ళకి కూడా ఫోన్లు వచ్చాయి. వాళ్ళ ఫోన్లు గుసగుసలాడే ఫోన్లు. మోగగానే చేతిలో ఉన్నది వదిలేసి, చెప్పుల్లో సగం కాళ్ళు దూర్చి, వాకిట్లో మనిషెత్తున పేర్చిన క్యాబేజీల వెనక్కి వెళ్ళి మాట్లాడి వచ్చేవారు. మహిళా సంఘం పెద్ద హ్వాజా మొదట వెళ్ళింది. చాలాసేపటికి వచ్చింది. వచ్చి, ఎవరూ అడగకుండానే "నాకేం లేదట" అని చెప్పి చేతులు కడుక్కుంది. తర్వాత వెళ్ళినవాళ్ళందరూ అదే మాట చెప్పారు. ఇంత ఊళ్ళో ఒక్క కడుపులోనే పురుగుందంటే, ఆ కడుపు దల్లేది కావడం ఆవిడ తలరాత అని అందరూ ఒప్పుకున్నారు.

బుధవారం దల్లే హాలుకి వెళ్ళేసరికి పొట్టి భోజనాల బల్ల చివర ఆవిడకు విడిగా ఒక గిన్నె, విడిగా ఒక చెంచా పెట్టి ఉన్నాయి. చెంచా కాడకి ఎర్ర దారం గట్టిగా చుట్టి ముడేసి ఉంది.

"కలిసిపోకుండా, అంతే అక్కా" అంది హ్వాజా. "కడిగేటప్పుడు ఎవరి చెంచా ఏదో తెలియాలి కదా. టౌనులో అందరూ ఇలాగే చేస్తున్నారట."

"మంచిదేలే" అంది దల్లే.

ఆవిడ పులుసు ఆవిడకి హ్వాజా స్వయంగా వడ్డించింది. ముక్కలన్నీ చూసి చూసి వేసింది, టోఫూ, అదే సోయా పాల పన్నీరు, పెద్ద ముక్క కూడా వేసింది. వడ్డించినంతసేపూ గరిటె ఆవిడ గిన్నె అంచుకు తగలకుండా పైనుంచి వొంపింది. దల్లేకి ముక్కలు కనిపించలేదు, ఆ ఎత్తే కనిపించింది. చాలా బాధపడింది. బాధపడుతూనే గిన్నె ఖాళీ చేసింది, ఎందుకంటే అన్నం వదిలేసి లేచిపోయే అలవాటు ఆవిడ వంశంలో లేదు.

అది అక్కడితో ఆగినా ఆవిడ సర్దుకునేదే. తిన్నాక బార్లీ నీళ్ళు తాగుతూ హ్వాజా అసలు మాట తీసింది.

"వచ్చేవారం కిమ్చి పెట్టేస్తున్నాం కదా. అక్కా, ఈసారి ఉప్పు నేను చూస్తాలే. నువ్వు క్యాబేజీలు కడుగు."

దల్లే బార్లీ నీళ్ళ గిన్నె కింద పెట్టేసింది. చలికాలానికి ఊరంతా కలిసి పెట్టే క్యాబేజీ ఊరగాయకి, అదే కిమ్చికి, ఉప్పు చూసేది దల్లే. అత్తగారు చనిపోయిన నాటి నుంచీ ఆవిడే చూస్తోంది. కారం, ముల్లంగి తురుము, ఉప్పుచేపల ఊట అన్నీ కలిపిన ముద్దలోంచి చిటికెడు తీసి, క్యాబేజీ లోపలి పసుపు ఆకులో చుట్టి, పళ్ళున్న ఎడమ వైపు పెట్టుకుని కళ్ళు మూసుకుని నమిలేది. ఆవిడ కళ్ళు తెరిచేదాకా వాకిట్లో ఎవరూ మాట్లాడేవారు కారు. "ఇంకాస్త ఊట" అంటే ఇంకాస్త ఊట. "చాలు" అంటే చాలు. అప్పుడు తన చేత్తోనే మరో ఆకు చుట్టి ఎవరు దగ్గరుంటే వాళ్ళ నోట్లో పెట్టేది. అలా ఆ చేతి మొదటి ముద్ద తిననిదే ఆ ఊళ్ళో చలికాలం మొదలైనట్టు కాదు. భూమి అమ్ముకున్నా, మోకాళ్ళు పోయినా, ఏడాదికి ఆ ఒక్క పూట దల్లే ఊరికి పెద్ద. ఇప్పుడు ఆ పూట కూడా పోయింది.

గురువారం ఉదయం రక్తపోటు బిళ్ళల కోసం పక్క ఊళ్ళో ఉన్న ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడి నర్సు చిన్నపిల్ల, మొహం చూసి మనిషిని కనిపెట్టేస్తుంది.

"ఏంటి మామ్మగారూ, ఇవాళ జోకులేం వెయ్యట్లేదు?"

"నా కడుపులో పురుగుందటే తల్లీ. నా చెంచాకి దారం కట్టారు."

నర్సు పట్టీ ఆవిడ చేతికి చుడుతూనే మెల్లిగా అంతా అడిగింది. ఎవరు చెప్పారు, ఏ పరీక్ష, రక్తమా ఊపిరా. రక్తమనగానే చేయి ఆపింది.

"మామ్మగారూ, ఇంతకుముందెప్పుడైనా దీనికి మందు వాడారా? గుప్పెడు గుప్పెడు బిళ్ళలు, పొద్దునా సాయంత్రం?"

దల్లే ఆలోచించింది. ఆ మాట వినగానే జ్ఞాపకం కంటే ముందు నాలుకకి గుర్తొచ్చింది. "అవును. మావాడు గ్వాంగ్జు పెద్దాస్పత్రికి తీసుకెళ్ళాడు ఒకసారి. కడుపులోకి గొట్టం వేసి చూసి బిళ్ళలిచ్చారు. అబ్బ, ఏం బిళ్ళలవి. ఏం తిన్నా ఇత్తడి చెంచా నాకినట్టుండేది. పంచదార కూడా చేదే. కల్లు చుక్క ముట్టొద్దన్నారు, ఆ ఏడు మా ఆయన తద్దినానికి పెట్టిన కల్లు కూడా ఇరుగుపొరుగుకి పోసేశాను."

"మొత్తం వేసుకున్నారా?"

"డబ్బులు పోసి కొన్నవి పారేస్తానా?"

నర్సు నవ్వింది. "అయితే ఆ పురుగు అప్పుడే పోయుంటుంది. దొంగ వెళ్ళిపోయాక కూడా కుక్క చాలాసేపు మొరుగుతుంది చూశారా, రక్తం అలాంటిదే. ఒకసారి ఆ పురుగును చూసిన రక్తం ఏళ్ళ తరబడి చెబుతూనే ఉంటుంది. ఇప్పుడు కడుపులో ఉందో లేదో దానికి తెలియదు. అది తెలియాలంటే ఊపిరి ఊది చూడాలి. చీటీ రాసిస్తాను, రేపు పొద్దున్నే ఏం తినకుండా టౌనుకెళ్ళండి."

శుక్రవారం దల్లే ఖాళీ కడుపుతో మొదటి బస్సెక్కింది. టౌను ఆస్పత్రిలో ఒక సంచీలో ఊదమన్నారు, ఒక బిళ్ళ మింగించారు, కాసేపు కూచోబెట్టి ఇంకో సంచీలో ఊదమన్నారు. రెండో సంచీ ఊదేటప్పుడు ఊపిరి చాలక దగ్గొచ్చింది. ఊళ్ళో ఉప్పు చూసే చోటుకు తిరిగి వెళ్ళాలంటే ఈ సంచీ నిండాలి అనుకుని, కళ్ళు మూసుకుని, మిగిలింది కూడా ఊదేసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన గాప్సున్ కూచుని ఉంది. ఊదారంగు శాలువా ముక్కు దాకా చుట్టుకుంది. దల్లేని చూసి ఒళ్ళో ఉన్న మందుల షాపు సంచీని కాడల ఉల్లికట్ట కిందికి తోసింది.

"ఎక్కడికెళ్ళావే?" అంది దల్లే పక్కన కూలబడుతూ.

"మోకాళ్ళకి. నువ్వో?"

"ఊదడానికి."

దల్లే ఎప్పటిలాగే చేతిగుడ్డలో కట్టుకొచ్చిన కాల్చిన చిలగడదుంపను విరిచి సగం అందించబోయి, మధ్యలో ఆగి, మొత్తం తన ఒళ్ళోనే పెట్టుకుంది. గాప్సున్ కిటికీ బయటికి చూస్తూ కూచుంది. ఊరు వచ్చేదాకా బస్సులో డ్రైవరు రేడియో ఒక్కటే మాట్లాడింది.

శనివారం ఫలితం వచ్చింది. చెడు కబురు వచ్చినప్పుడు ఊరంతా వింది. మంచి కబురు వచ్చినప్పుడు వినడానికి వాకిట్లో తన పసుపురంగు కుక్క మాత్రమే ఉంది. ఆరోగ్య కేంద్రం నర్సు గొంతు గోడలు అదిరేలా పలికింది.

"మామ్మగారూ, మీ కడుపు శుభ్రం. పురుగు లేదు, ఏం లేదు."

"ఇంకోసారి చెప్పు తల్లీ."

"లేదు మామ్మగారూ, పురుగు లేదు. కానీ ఒక మాట. ఆ విడి గిన్నె, విడి చెంచా అలాగే ఉంచుకోండి. మీకుందని కాదు, మీకు లేదు కాబట్టి. పెద్దవాళ్ళలో చాలామందికి అది ఉంటుంది. వాళ్ళతో ఒకే గిన్నెలో తింటే మళ్ళీ మీకు అంటుకోవచ్చు."

దల్లేకి మొదటి మాటే బుర్రలోకెక్కింది. రెండో మాట చెవి దగ్గరే ఆగింది. కుక్కకి సగం ఎండు చేప పడేసి, శాలువా చుట్టుకుని నేరుగా గాప్సున్ ఇంటికి నడిచింది. దారిలో హ్వాజా ఇల్లు కూడా ఉంది. తలుపు దాకా వెళ్ళింది కానీ తట్టలేకపోయింది. ఈ వయసులో ఇంటింటికీ వెళ్ళి నా కడుపు శుభ్రంగా ఉందని చెప్పుకోవడం కంటే సిగ్గుచేటు ఇంకోటి ఉంటుందా అనిపించింది.

గాప్సున్ వసారాలో కూచుని వెల్లుల్లి ఒలుస్తోంది. కోడలు థావో పక్కన పిల్లాడికి బూట్లు తొడుగుతోంది. వియత్నాం నుంచి పెళ్ళి చేసుకొచ్చిన పిల్ల, మాటలు తక్కువ, నవ్వు ఎక్కువ. దల్లే సంగతంతా చెప్పింది. దొంగా కుక్కా పోలిక వదిలేసి, మిగతాది నర్సు చెప్పినట్టే చెప్పింది, చివర్లో తాను కూడా ఓ నవ్వు కలిపింది.

గాప్సున్ వెల్లుల్లి మీంచి తల ఎత్తలేదు. "సరేలే అక్కా. మంచిదేగా. కానీ రక్తంలో అంటూ ఉన్నాక ఉన్నట్టేగా. వాళ్ళన్నది కూడా తప్పు కాదు. అందరూ తినే తిండి."

"అంటే నువ్వు కూడా నమ్మవా?"

"నేను నమ్మితే ఏం, నమ్మకపోతే ఏం. హ్వాజా చూసుకుంటానంది కదా."

దల్లే చెప్పులు వేసుకుంది. థావో గేటు దాకా వచ్చి, "అమ్మమ్మా, నేను నమ్ముతాను" అంది వచ్చీరాని భాషలో. ఆ పిల్ల నమ్మకం వల్ల ఊళ్ళో చెల్లేదేమీ లేదు. అయినా దల్లే ఆ పిల్ల బుగ్గ తట్టి ఇంటికొచ్చింది.

కిమ్చి పెట్టే రోజు ఎండ బాగా కాసింది, గాలి మాత్రం సముద్రం మీంచి కోస్తూ వచ్చింది. హాలు వాకిట్లో నీలం పట్టాలు పరిచారు. రాత్రంతా ఉప్పునీళ్ళలో నానిన క్యాబేజీలు తొట్టెల్లో మెత్తబడి ఉన్నాయి. దల్లే కుళాయి దగ్గర చిన్న పీట మీద కూచుని, మోచేతుల దాకా గులాబీరంగు రబ్బరు తొడుగులు వేసుకుని, ఒక్కో దాన్నీ ఎత్తి, ముందు కాడని వంచి చూసింది. విరగకుండా వంగింది. నానింది సరిగ్గానే ఉంది. ఒక నీళ్ళలో ముంచి, ఇంకో నీళ్ళలో ముంచి, మూడో నీళ్ళలో ఆకుల మధ్య వేళ్ళు పెట్టి విదిలించి, తట్టల మీద బోర్లించింది. తొడుగుల్లోంచి చలి ఎముకల్లోకి దిగింది. అయినా ఆవిడ కడుగుతున్నది అటు చూడకుండా ఉండడానికే.

అటు వాకిలి మధ్యలో పెద్ద తొట్టి చుట్టూ ఆడవాళ్ళు మోకాళ్ళ మీద కూచుని కలుపుతున్నారు. గంజిలో నానబెట్టిన కారం, కొండంత ముల్లంగి తురుము, వెల్లుల్లి, అల్లం, ఆవాకు, కాడల ఉల్లి, పచ్చి రొయ్యలు. హ్వాజా చేపల ఊట డబ్బా ఎత్తి పోసింది. ఆకు చుట్టి నోట్లో పెట్టుకుంది. మొహం ముడుచుకుంది.

"చేదుగా లేదూ?"

గాప్సున్ కూడా రుచి చూసింది. "చేదే. అల్లం ఎక్కువైందేమో."

"ఉప్పు తగల్లేదు అసలు" అంది మరొకామె.

"ఊట పొయ్యండి ఇంకొంచెం."

పోశారు. మళ్ళీ చూశారు. మళ్ళీ చేదన్నారు. ఒకరు పంచదార అన్నారు, ఒకరు ఉప్పన్నారు. హ్వాజా దోసిట్లో రాతి ఉప్పు తెచ్చి చల్లింది. థావో వేలితో కాస్త తీసి నాలిక మీద పెట్టుకుని కళ్ళు పెద్దవి చేసింది.

"అత్తయ్యా, చాలా ఉప్పు ఉంది."

"నువ్వు ఊరుకో. పుట్టినప్పట్నుంచీ చేపనీళ్ళు తాగి పెరిగావు, నీకేం తెలుస్తుంది మా ఉప్పు" అంది గాప్సున్.

ఊరి పెద్ద బియ్యపు కల్లు బిందె మోసుకొచ్చి పెట్టి వెళ్ళాడు. ఏటా ఆ బిందె అటూ ఇటూ తిరగకుండానే ఖాళీ అయిపోయేది. హ్వాజా అయితే ఊరి పెద్ద వెనుదిరిగేలోపు మొదటి గిన్నె ఎత్తేసేది. ఈసారి గిన్నె ఒకరి దగ్గర నుంచి ఒకరికి వెళ్ళింది, ఎవరూ తాగలేదు. ఒకరికి కడుపు బాగోలేదట, ఒకరు పనయ్యాక తాగుతారట. హ్వాజా "నాకొద్దు" అని జేబులోంచి కడుపుకి మంచిదని అమ్మే చిన్న పెరుగు సీసా తీసి తాగింది. గాప్సున్ జేబులోంచి కూడా అదే సీసా వచ్చింది. ఒకామె బుగ్గలో పంచదార బిళ్ళ అటూ ఇటూ తిప్పుతోంది.

దల్లే చేతిలో క్యాబేజీ నీళ్ళలోనే ఉండిపోయింది.

థావో తట్టలు తీసుకెళ్ళడానికి వచ్చినట్టు వచ్చి, తొడుగు చాటున తెచ్చిన కారం ముద్దను ఆవిడ ముందు పెట్టింది. "అమ్మమ్మా, ఇది సముద్రం. నా మాట ఎవరూ వినరు. మీరు చెప్పండి."

దల్లే తొడుగు తీసి, చిటికెడు నోట్లో పెట్టుకుంది. సముద్రమే. అల్లం చేదు ఎక్కడా లేదు. మరి చేదు ఎక్కడిది? ఇత్తడి చెంచా నాకినట్టుండే ఆ చేదు ఆవిడకి తెలుసు. అది తొట్టిలో లేదు, వాళ్ళ నోళ్ళలో ఉంది. తాగని కల్లు, పెరుగు సీసాలు, ఉల్లికట్ట కింద మందుల సంచీ, క్యాబేజీల చాటున ఫోన్లు, అన్నీ ఒక్కసారిగా ఆవిడ ముందుకొచ్చి కూచున్నాయి. ఊళ్ళో పురుగున్నది ఒక్క కడుపులోనే కాదు. ఊరంతటి కడుపుల్లోనూ ఉంది, ఒక్క దల్లే కడుపులో తప్ప.

నిజం చెప్పాలంటే ఆవిడకు ఒళ్ళు మండిపోయింది. లేచి, తన ఫోను గొంతుతో, ఎవరెవరు ఏ బిళ్ళలు మింగుతున్నారో వాకిట్లో చదివెయ్యాలనిపించింది. ఎర్ర దారం ముడి వేసిన వేళ్ళు ఎవరివో, ఆ వేళ్ళే రోజూ పొద్దున్నే రహస్యంగా ఏ డబ్బా మూత తీస్తున్నాయో అడగాలనిపించింది. లేచింది కూడా. మోకాళ్ళు పట్టేయడం వల్ల లేవడానికి కొంచెం సేపు పట్టింది. ఆ కొంచెం సేపట్లో హ్వాజా మొహం కనిపించింది. చుట్టూ అందరూ తన మాట కోసం చూస్తుంటే, నోట్లో ఏమీ తెలియక, ఇంకో దోసెడు ఉప్పు పట్టుకుని నిలబడి ఉంది ఆవిడ. ఊరందరి చలికాలపు తిండి, సియోల్లో, బుసాన్లో ఉన్న పిల్లలకు పంపే డబ్బాలు, అన్నీ ఆ దోసిట్లో ఉన్నాయి.

"ఆ ఉప్పు కింద పెట్టు హ్వాజా" అంది దల్లే.

అందరూ ఇటు తిరిగారు. "అక్కా, నువ్వు..." అని గాప్సున్ ఏదో అనబోయింది.

"పెట్టమన్నానా. ఆ మూల ఉప్పెయ్యని ముల్లంగులున్నాయి, అన్నీ తురమండి. గంజి ఇంకో కుండ కాచండి, ఉప్పు లేకుండా. బేరి పళ్ళు ఎన్నుంటే అన్ని తురిమి పొయ్యండి. థావో, నువ్వు నా పక్కన కూచో. ఈ పూట ఉప్పు తెలిసేది నీకూ నాకే."

ఆ గొంతులో కోపం లేదు, అందుకే ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు. మోకాళ్ళ మీద పని మొదలైంది. ముల్లంగి తురుము తెల్లగా వచ్చి పడింది. దల్లే మోచేతుల దాకా ముంచి అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకి తిప్పింది. పక్కనున్న హ్వాజా కూడా చేతులు పెట్టి తిప్పసాగింది. ఇద్దరి తలలూ దగ్గరికి వచ్చినప్పుడు దల్లే తన మామూలు గొంతు కాకుండా, హ్వాజాకి మాత్రమే వినిపించే గొంతుతో మాట్లాడింది. అంత చిన్న గొంతు ఆవిడకుందని హ్వాజాకి ఆ రోజే తెలిసింది.

"పొద్దుటి బిళ్ళలు అన్నం మధ్యలో వేసుకో, వికారం తగ్గుతుంది. చేదుగా ఉందని మధ్యలో ఆపకు. ఆపితే అది మొండికేస్తుంది. అయిపోయాక నోరు బావుంటుంది, నాకు బావుంది కదా."

హ్వాజా చేతులు తొట్టిలో ఆగిపోయాయి. తల ఎత్తలేదు. "మా నాన్న కడుపులో పుండుతోనే పోయాడక్కా" అంది. "ఆస్పత్రివాళ్ళు అలా చెప్పేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. బయటికొచ్చాక అందరూ నా మొహం చూస్తున్నారు. నోటి నుంచి లేదని వచ్చేసింది. ఒకసారి వచ్చాక..."

"తిప్పు, తిప్పు. అడుగున ముద్ద కట్టింది."

ముల్లంగి కలిసి, గంజి కలిసి, తొట్టి నిండుగా ఎర్రగా తేరింది. దల్లే తొడుగు తీసి, పసుపు ఆకు విరిచి, చిటికెడు చుట్టి ఎడమ వైపు పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. వాకిట్లో మాటలు ఆగిపోయాయి. కుళాయి నుంచి నీళ్ళు పడుతున్న చప్పుడొకటే ఉంది.

"చాలు" అంది కళ్ళు తెరిచి.

అలవాటు కొద్దీ చెయ్యి ఇంకో ఆకు చుట్టేసింది. చుట్టాక గుర్తొచ్చింది. ఆ ముద్దను ఎవరి నోటికి అందించాలో తెలియక, వెనక్కి తీసుకోవడం చేతకాక, గాల్లో పట్టుకుని నిలబడింది. కారం మణికట్టు మీదికి కారుతోంది.

హ్వాజా మోకాళ్ళ మీదే ఒక అడుగు ముందుకు జరిగి నోరు తెరిచింది.

"పెట్టు అక్కా" అంది.

దల్లే పెట్టింది. హ్వాజా నమిలింది. ఆ నోటికి రుచి ఏం తెలిసి ఉంటుంది, ఏమీ తెలిసి ఉండదు. అయినా "బావుంది" అంది, అని కళ్ళు తుడుచుకుని, కారం చేత్తో తుడుచుకున్నందుకు మండి, కుళాయి దగ్గరికి పరిగెత్తింది. అప్పుడు ఎవరో నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. గాప్సున్ నవ్వలేదు. దల్లే దగ్గరికొచ్చి ఆవిడ కూడా నోరు తెరిచింది, కళ్ళు మాత్రం దించుకునే ఉంది.

"మోకాళ్ళ నొప్పి తగ్గిందా?" అంది దల్లే ముద్ద పెడుతూ.

"ఊరుకో అక్కా" అంది గాప్సున్ నోటినిండా ముద్దతో.

క్యాబేజీలు నింపడం అయి, పై ఆకుతో చుట్టి డబ్బాల్లోకి సర్దేసరికి ఎండ వాలింది. హాలులో వేడి నేల మీద భోజనాలకు కూచున్నారు. ఉడికించిన పంది మాంసం, కొత్త కిమ్చి, మధ్యలో సోయా పులుసు గిన్నె. దల్లే బల్ల చివర తన చోటుకు వెళ్ళబోతే హ్వాజా చెయ్యి పట్టుకుని మధ్యలోకి లాక్కొచ్చింది. ఎర్ర దారం చెంచా తీసుకుని ఆ ముడిని పళ్ళతో తెంపబోయింది.

"ఉండు ఉండు. తెంపకు" అంది దల్లే.

"ఇంకా కోపమేనా అక్కా?"

"కోపం కాదే. ఊపిరి ఊదించి చూసి నాకు లేదని నర్సు చెప్పింది. మీ అందరికీ ఉంది కదా. అప్పుడు సరిగా చెవికెక్కలేదు గానీ, ఒకే గిన్నెలో తింటే మీది నాకు అంటుకుంటుందట. ఇన్నాళ్ళూ మీరు కట్టారు, ఇంక కొన్నాళ్ళు నేను కట్టుకుంటాను. మీ బిళ్ళలయ్యాక అందరం కలిసి తెంపుదాం."

ఎవరి పక్కన ఎవరు కూచున్నారో, ఎవరి మొహం ఎలా ఉందో చూసుకోవడానికి కూడా అందరూ భయపడ్డారు. ముందు గాప్సున్ నవ్వింది. పడీ పడీ నవ్వి, పక్కామె భుజం మీద వాలిపోయి, "మా కడుపులన్నీ చూసేసింది ఈ ముసల్ది" అంది. దాంతో దాచడానికి ఇంకెవరికీ ఏమీ మిగల్లేదు.

హ్వాజా లేచి అల్మారా తెరిచింది. చిన్న గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని తెచ్చి, ఒక్కొక్కరి ముందూ ఒక్కోటి పెట్టింది. గరిటె తెచ్చి దల్లే చేతికిచ్చింది. దల్లే ముక్కలు చూసి చూసి అందరికీ వడ్డించింది. గరిటెను గిన్నెల అంచులకు ఆనించి, చివరి చుక్క దాకా వొంపింది. తన గిన్నెలో ఆఖరున పోసుకుని, ఎర్ర దారం చెంచా తీసుకుని తినడం మొదలుపెట్టింది.